స్వామివారి రాయి ఇంటికి మంచిది

ముందే చెప్పేస్తున్నా, నాకు రాళ్ల గురించి ఏమీ తెలీదు. చదివింది కంప్యూటర్ సైన్సు. వెయ్యేళ్ల నాటి స్తంభానికీ, మొన్న లారీలో దిగిన గ్రానైటుకీ తేడా ఏందంటే, రెండోది మెరుస్తుందని చెప్తా. అందుకని రావులగుంట గుడి సంగతి ఆ గుడి అభివృద్ధి కమిటీ ఛైర్మన్ చెన్నకేశవులుగారి వైపు నుంచే చెప్తున్నా. ఆయనకీ రాళ్ల గురించి తెలీదు గానీ, తెలీదని తెలీదు.

రావులగుంట రెంటచింతల అవతల ఉంది. అక్కడి శివాలయం చానా పాతది. ఎంత పాతదో కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే చెన్నకేశవులుగారు మైకు పట్టుకున్నప్పుడల్లా దాని వయసు పెరుగుతుంది. ఆయన ఛైర్మన్ అయిన రోజు వెయ్యేళ్లు. నిరుడు శివరాత్రికి మూడువేలు. ఈ మధ్య ఎమ్మెల్యేగారు పక్కన కూర్చున్న సభలో నేరుగా త్రేతాయుగంలోకి వెళ్లిపోయింది.

ఇంత పాత గుడి పాతగా కనపడటం ఊరికి నామర్దా అని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. నల్లరాతి గోడలకి చందనం రంగు ఎనామిల్ వేశారు. గోడల మీది అప్సరసలకి పసుపు రంగు జాకెట్లు తొడిగి పైట సర్దారు. సింహాల పళ్లకి వెండిరంగు పూశారు. ఇప్పుడవి టూత్‌పేస్ట్ ప్రకటనలో లాగా నవ్వుతున్నాయి. ఎండకి బండలు కాలుతున్నాయని నేలంతా టైల్స్ పరిచారు. టైల్స్ ఇంకా ఎక్కువ కాలుతాయని తర్వాత తెలిసింది. ప్రదక్షిణలు మాత్రం పరుగు మీద అవుతున్నాయి. భక్తి పెరిగిందని చెన్నకేశవులుగారి అభిప్రాయం.

మండపం స్తంభాలు పీకేసి సిమెంటువి పోసి, స్టీలు రేకు చుట్టారు. పీకిన రాతి స్తంభాలు ఊళ్లోవాళ్లు ఇళ్లకి మోసుకెళ్లారు. దొంగతనం అనుకునేరు, అట్లాంటి ఊరు కాదు. "స్వామివారి రాయి, ఇంటికి మంచిది" అని కళ్లకద్దుకుని మరీ తీసుకెళ్లారు. ఒకరింట్లో గుమ్మం ముందు మెట్టయింది, ఒకరింట్లో గేదెల్ని కట్టే గుంజ అయింది. నాట్యగత్తె చెక్కి ఉన్న పెద్ద ముక్క సహజంగానే ఛైర్మన్‌గారింటికి వెళ్లింది. ఆయన భార్య నాగేంద్రమ్మగారు దాన్ని దొడ్లో బోర్లా వేయించి, బట్టలుతికే బండ చేసుకున్నారు. బొమ్మ మీద బాదితే పాపం కదా, అందుకని బోర్లా.

అంతా బాగున్న టైములో పైనుంచి కబురొచ్చింది. ఈ చుట్టుపక్కల ఒక ప్రాచీన ఆలయాన్ని ఎంచుకుని రోడ్డేస్తారట, గుడిని కాపాడినవారి పేరు శిలాఫలకం మీద చెక్కిస్తారట. షరతు ఒక్కటే, గుడిలో పాత రాయి కనపడాలి. చెన్నకేశవులుగారికి ముద్ద దిగలేదు. రోడ్డు కోసం కాదు. సిమెంటు మీద, రేకు మీద, ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా ఆయన పేరుంది. రాతి మీద ఇంకా లేదు.

టైల్స్ వేసిన రఫీక్‌ని నరసరావుపేట నుంచి పిలిపించారు.

"ఒరేయ్, వీటిని రాయిలాగా చెయ్యి."

రఫీక్ నేలకేసి చూశాడు. "రాయి మీదే కదా బాబాయ్ ఇవి పరిచింది. పైవి లేపేస్తే కింద ఉంటది."

"లేపితే విరాళం ఇచ్చినోళ్లు ఊరుకుంటారా? ఒక్కో టైలు మీద ఒక్కో ఇంటిపేరుంది. నువ్వు పైన రంగెయ్యి."

రఫీక్ వేశాడు. టైల్స్‌కీ, గోడలకీ బూడిదరంగు పూసి, పగుళ్లు కూడా బ్రష్షుతో గీశాడు. చెన్నకేశవులుగారి తమ్ముడి కూతురు వర్షిణి, ఆర్కిటెక్చర్ చదువుతోంది, అది చూసి "పెదనాన్నా, ఇళ్లల్లో ఉన్న అసలు స్తంభాలు వెనక్కి తెప్పించండి, చాలు" అంది. సబబే అనిపించి ఆయన సభ పెట్టారు.

"సోదరులారా, రాయంటే రాయి కాదు. మన పూర్వీకుల గుండెకాయ. ఆ గుండెకాయకి గేదెల్ని కట్టేసే హక్కు మనకి లేదు."

చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక గేదెల ఆసామి లేచాడు. "అట్నే ఛైర్మన్‌గారూ. ముందు మీ బండ రానీయండి, దాని వెనకే మా గుంజ."

ఇంటికెళ్లి భార్యనడిగారు. "ఏమే, ఆ బండ..."

"దాని జోలికొస్తే మీ తెల్లచొక్కాలు మీరే ఉతుక్కోండి," అన్నారు నాగేంద్రమ్మగారు, చొక్కా పిండుతూ.

తెల్లచొక్కా లేని ఛైర్మన్‌ని ఛైర్మన్ అని ఎవరంటారు? సంస్కృతీ పరిరక్షణ తాత్కాలికంగా వాయిదా పడింది.

గుడిని చూసి రిపోర్టు రాయడానికి పైనుంచి అధికారి మేడం వచ్చారు. గోడలు తట్టి చూశారు. రఫీక్ గీసిన పగులుని వేలితో రుద్దారు, వేలికి రంగంటింది. చెయ్యి కడుక్కోవాలన్నారు. చెన్నకేశవులుగారు మర్యాదగా తమ ఇంటి దొడ్లో పంపు దగ్గరికే తీసుకెళ్లారు.

మేడం చెయ్యి కడుక్కుని, అట్నే వంగి, సబ్బు నురగ తోసి, బండ అంచు కిందకి చూశారు. ఒక పాదం. పాదానికి గజ్జెలు.

"ఇదెక్కడిది?"

"మా అత్తగారి కాలం నాటిదండీ," అన్నారు నాగేంద్రమ్మగారు.

చెన్నకేశవులుగారు మందలించారు. "అత్తగారి కాలం ఏందే? త్రేతాయుగం."

ఊరి మొత్తంలో ప్రాచీన అవశేషం కనిపించింది ఛైర్మన్‌గారి దొడ్లోనేనని రిపోర్టు వెళ్లింది. రోడ్డు రాలేదు గానీ శిలాఫలకం వచ్చింది. 'రక్షిత శిల్పం. తాకరాదు. లభించిన స్థలం: చెన్నకేశవులుగారి బట్టలుతికే చోటు.' ఆయన దానికి రోజూ దండేస్తున్నారు. మొత్తానికి రాతి మీద పేరెక్కింది.

ఇబ్బందల్లా నాగేంద్రమ్మగారికే, బట్టలుతకడానికి బండ లేదు. పక్కూరి గుడిని పాపం ఎవరూ పట్టించుకోలేదు, స్తంభాలన్నీ అట్నే నిలబడి ఉన్నాయి. చెన్నకేశవులుగారు నిన్ననే ఆ ఊరెళ్లి, గుడి అభివృద్ధికి తొలి విరాళం ప్రకటించి వచ్చారు.

మీరు నవ్వుతున్నారు కదా. నవ్వడం అయ్యాక లేచి మీ దొడ్లో బండో, గుమ్మం ముందు మెట్టో కాస్త పైకెత్తి చూడండి. కింద ఏముందో, అది మీ ఇంటికెట్లా వచ్చిందో నాకు రాయండి. మా ఇంట్లోది నేనింకా ఎత్తలేదు. అమ్మ ఎత్తనివ్వట్లేదు.