యువజన దిగులు పోటీలు

సగంలో ఆగిపోయిన వంతెనను మించిన ప్రజోపయోగ నిర్మాణం మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

పూర్తయిన వంతెన ఏం చేస్తుంది? మనుషులను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరుస్తుంది. అంతే కదా! ఆ మాత్రం పని ఒక పాత పడవ కూడా చేస్తుంది. సగం వంతెన సంగతి వేరు. కాలక్రమంలో అది కొండగా పరిణమిస్తుంది.

నవ్వకండి. నెల్లూరు తీరంలో ఎత్తు అనదగినవి ఏమున్నాయో ఒకసారి లెక్క చూడండి. ఉప్పు కుప్పలు, రొయ్యల గుంటల గట్లు, కృష్ణపట్నం రేవులో బొగ్గు రాశులు. ఉప్పు కుప్ప వానకు కరుగుతుంది. బొగ్గు రాశి దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. ఇక రొయ్యల గుంట గట్టు మీద నుంచి సైకిలు జారితే తేలేది రొయ్యల మధ్యనే. ఇటువంటి పళ్లెం లాంటి నేలమీద పుట్టిన పిల్లలకు కొండ మీది నుంచి సైకిలు ఉరికించే విద్య, అనగా డౌన్‌హిల్ మౌంటెన్ బైకింగ్, అబ్బేదెలా?

ఆ లోటు తీర్చడానికే కాబోలు, మైపాడుకు ఎగువన, బకింగ్‌హాం కాలువ మీద, గవ్వలపాళేనికి పోవలసిన వంతెనను సరిగ్గా నీటి నడిమధ్య వరకు కట్టి ఆపారు. ఈ ఒడ్డున ఎక్కుతుంది. ఆకాశంలో ముగుస్తుంది. ఆవలి ఒడ్డున ఊరు కనబడుతూనే ఉంటుంది. పని ఆగి ఎన్నేళ్లయిందని అడగడం అల్పబుద్ధి. కొండల వయసు ఎవరైనా అడుగుతారా?

ఈ కొండను కనిపెట్టిన ఘనత సాహస క్రీడల సంఘం కార్యదర్శి సుశీల్ కుమార్ గారిది. పోయిన శని, ఆదివారాల్లో వారు దానిమీద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు పోటీలు జరిపించారు. ఈ క్రీడలో ఎక్కడానికి విలువ లేదు. పిల్లలనూ సైకిళ్లనూ మినీ లారీలో పైకి చేరుస్తారు. దిగడానికి పట్టిన సమయాన్నే లెక్కిస్తారు. పైకి ఎలా చేరారన్నది ఎవరూ అడగరాదు. మన ప్రజాజీవితంలో బాగా అమలులో ఉన్న నియమమే కనుక నాకు త్వరగానే అర్థమయింది.

'డౌన్‌హిల్' అన్న మాటను ఎవరో శ్రద్ధాళువు 'దిగుడు' అని తెనిగించారు. అభినందనీయం! ఫ్లెక్సీ షాపువారు మాత్రం ఒక్క అక్షరం మార్చి, దారి పొడవునా 'రాష్ట్రస్థాయి యువజన దిగులు పోటీలు' అని ప్రకటించారు. అచ్చుతప్పును క్షమించే అలవాటు నాకు లేదు. దీన్ని మాత్రం ఆదివారం సాయంత్రానికి క్షమించాను. కారణం చెబుతాను.

మొదట ఒక చిక్కు వచ్చింది. వంతెన మరీ నున్నగా ఉందట. మౌంటెన్ బైక్‌కు గోతులూ రాళ్లూ లేకపోతే అవమానమట. అందుకని దానిమీద ఇసుక బస్తాలు, పాత టైర్లు, చెక్క పలకలు పరిచి శ్రమపడి పాడుచేశారు. రోడ్డును పాడుచేయడానికి ఇంత శ్రమ దేనికి? వంతెన దాకా వచ్చే రోడ్డును ఏ ఖర్చూ లేకుండా వాడుకోవచ్చునని నేను సూచించాను. అది పిల్లలకు ప్రమాదకరమని సుశీల్ కుమార్ గారు భయపడ్డారు. ఆ రోడ్డు మీదే నేను కారులో వచ్చానని వారికి చెప్పలేదు.

ఇక అసలు వరం గురించి. ఇటువంటి పోటీ జరిగేచోట అంబులెన్స్ సిద్ధంగా ఉండి తీరాలన్నది నియమం. కనుక రెండు రోజులూ వంతెన మొదట్లో ఒక తెల్లటి అంబులెన్స్ నిలిచి ఉంది. లోపల స్ట్రెచర్, ఆక్సిజన్. బయట హెబ్రోను అనే సిబ్బంది కుర్రవాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎదురు చూడలేదు, అయినా అంబులెన్స్ ఉంది! గవ్వలపాళెం వారు పడవల్లో వచ్చి దాన్ని చూసి పోయారు. సైకిళ్లను అంతసేపు చూడలేదు.

చూసిపోకుండా ఉండిపోయినవారు ఇద్దరు. ఒకరు గురవమ్మ. వలలు వేసే ఇంటి మనిషి. రెండోవారు ఆమె కోడలు వనజాక్షి. నెలలు నిండిన మనిషి. అంబులెన్స్ నీడలోనే చాప పరుచుకుని, చద్దిమూట విప్పుకుని కూర్చున్నారు. నా కుర్చీ వారి పక్కనే కనుక సంగతంతా తెలిసింది. నొప్పులు మొదలయ్యాక రమ్మని ఆసుపత్రివారు పంపేశారట. నొప్పులు మొదలయ్యాక అంబులెన్స్‌ను పిలిస్తే అది టౌను నుంచి రావాలి. వచ్చినా ఈ ఒడ్డునే ఆగాలి. మనిషి పడవలో ఇటు చేరాలి. మొదటి కాన్పుకు అలాగే బయలుదేరారు. బిడ్డ కాలువ నడుమనే పుట్టింది. ఆ పిల్ల పుట్టిన ఊరేదంటే ఏ ఒడ్డు పేరు చెప్పాలో ఇంట్లో ఇప్పటికీ తేలలేదట. తల్లి బతికింది, అది పడవవాడి చలవ అని గురవమ్మ అన్నది. వనజాక్షి కాలువవైపు వీపు పెట్టి కూర్చున్నది.

"బండి ఆడ్నే ఉండాది గదా అత్తా?" అని మధ్యమధ్య అడిగేది. దానికి ఆనుకునే కూర్చుని!

క్రీడల చరిత్రలో గురవమ్మ వంటి ప్రేక్షకురాలు మరొకరు ఉండరు. ప్రతి సైకిలూ పైనుంచి దూకగానే, "మెల్లిగా నాయనా, మెల్లిగా" అని అరిచేది. వేగానికి కప్పు ఇచ్చేచోట! ఎవరైనా పడితే అంబులెన్స్ వాళ్లను ఎక్కించుకుని పోతుంది కదా. శనివారం మధ్యాహ్నం ఒక కుర్రవాడు టైరుకు తగిలి పడనే పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది. హెబ్రోను తలుపు తీయబోయేంతలో గురవమ్మ అడ్డం వెళ్లి, ఆ మోచేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి బండేంది సామీ? రవంత పసుపు అద్దితే పోతాది. లెయ్, లేచి తొక్కు."

వాడు లేచి తొక్కాడు. ఆ ధైర్యానికి చప్పట్లు మోగాయి. వనజాక్షి చేతులు కూడా కలిశాయి గానీ, అది చప్పట్లు కొట్టడానికి కాదనుకుంటాను.

ఆదివారం సాయంత్రం నెల్లూరు అమ్మాయి ప్రత్యూష కప్పు గెలిచింది. ఎవరికీ ఎముకలు విరగలేదు. వనజాక్షికి నొప్పులు రాలేదు. హెబ్రోను అంబులెన్స్ తలుపు మూస్తుండగా గురవమ్మ సుశీల్ కుమార్ గారి దగ్గరికి పోయింది.

"సారూ, ఇంకొక్క దినం తొక్కించండి. పిల్లకాయలందరికీ నేను చేపలకూర ఒండిపెడతా."

సుశీల్ కుమార్ గారి కళ్లు చెమర్చాయి. తీరప్రాంత మహిళల్లో సాహస క్రీడల పట్ల పెల్లుబికిన ఈ ఆసక్తిని గౌరవించి, పోటీలను వచ్చే ఏడాది కూడా ఇక్కడే జరుపుతామని మైకులో ప్రకటించారు. వంతెనను ఇలాగే, ఈ సహజస్థితిలోనే కాపాడాలని పైవారికి విన్నవిస్తామని కూడా అన్నారు. అంబులెన్స్ వెళ్లిపోయింది. అత్తాకోడళ్లు చాప చుట్టుకుని పడవ ఎక్కారు.

వచ్చే ఏడాది! వనజాక్షి అంతకాలం ఆగగలదా?

ఇది రాస్తున్న బుధవారం ఉదయానికి ఆమె ఇంకా ప్రసవించలేదు. కనుక నా విజ్ఞప్తి అత్యవసరమైనది. ఈ శని, ఆదివారాల్లోనూ పోటీలు పెట్టండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు కూడా పెట్టండి. కప్పు అక్కరలేదు, మైకు అసలే వద్దు. తొక్కేవారు దొరకకపోతే నా పేరు రాసుకోండి. నేను సైకిలు పట్టుకుని పైన నిలబడతాను. దిగకుండా ఎంతకాలమైనా నిలబడతాను. అంబులెన్స్ కింద ఉంటే చాలు.

అది కుదరదంటారా? అయితే వంతెన రెండో సగం కట్టించండి. క్రీడకు ద్రోహం చేస్తున్నానని సుశీల్ కుమార్ గారు నొచ్చుకోవద్దు. పూర్తయిన వంతెనకు అటొకటి, ఇటొకటి, రెండు దిగుళ్లుంటాయి. పోటీలు రెండింతలు పెట్టుకోవచ్చు.

ఫ్లెక్సీ షాపువారిని నేనెందుకు క్షమించానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. సగం వంతెనకు ఈ ఒడ్డున ఉన్నది దిగుడు. ఆ ఒడ్డున ఉన్నది దిగులు.