అప్పాజీ ఉష్ణోదక విజయము

గౌతమీ తరంగ శీకరములు తడుపుచుండ, బస్సుల హారన్లు మంగళవాద్యములై మ్రోగుచుండ, పూతరేకుల దుకాణములు ఒకదానినొకటి ధిక్కరించుచుండ వెలుగొందు రాజమహేంద్రవరమునందు, పుష్యమాసపు చలి పెద్దల మోకాళ్లపై దండయాత్ర సాగించుచున్న ఒకానొక ఆదివారపు ఉదయమున, సామర్లకోట చీరల వర్తక సార్వభౌముడు, బేరసార రణరంగ భీకరుడు అగు అప్పాజీ, ధర్మపత్ని శ్రీదుర్గా సమేతుడై, కేసినో బంగ్లా హోటలు సింహద్వారము చొచ్చెను. అటుపైన జరిగిన ఘోర సంగ్రామమును చెప్పెద, చెవులొగ్గి వినుడు!

పూర్వము తెల్లదొరలు జూదమాడిన భవంతి అది. కుర్రతనమున సైకిలుపై దాని ప్రహరీ పక్కగా పోవుచు, ఏనాటికైనను అందు బస చేసెదనని అప్పాజీ శపథము పూనియుండెను. ఇన్నాళ్లకు, పెళ్లిరోజు మిషతో, ఆ శపథము తీరు ఘడియ వచ్చినది. బయలుదేరునప్పుడు శ్రీదుర్గ అడిగినది ఒక్కటే.

"అన్నీ సరేనండి. స్నానానికి వేడినీళ్లుంటాయా?"

"పిచ్చిదానా, అది కేసినో హోటలు! వేడినీళ్లు గోదారిలా పారతాయి," అని ఆ మహానుభావుడు మాట ఇచ్చెను.

ఏమి చెప్పుదును! జూదశాలలో పందెపు చక్రము లేదు, పేకముక్కలు లేవు; గుడ్డి దీపాల గుత్తి కింద ఒక క్యారమ్స్ బల్ల మాత్రము శోకించుచుండెను. గోదావరి కనిపించునన్న కిటికీ తెరిచిన, జనరేటరు కనిపించెను. మంచముపై కూర్చున్న, అది దొరల కాలమునాటి బాధలన్నియు వెళ్లబోసుకొనెను. వీటినెల్ల ఆ ధీరుడు చిరునవ్వుతో సహించెను. కాని గీజరు! ఎర్రదీపమును ప్రళయకాల రుద్రుని నేత్రమువలె వెలిగించుకొని, మంచుకొండల గర్భమునుండి తెచ్చినట్టి నీటిని విడుచుచుండెను.

శ్రీదుర్గ వేలు ముంచి, వెనక్కి లాగి, "పట్టిసీమ వీరభద్రుడి దగ్గరికి స్నానం చెయ్యకుండా ఎలా వస్తానండి? కారు కూడా వచ్చేసింది," అనెను. కోపగించలేదు. అదియే అప్పాజీ గుండెను శూలమై పొడిచినది. వెళ్లిన ప్రతిచోట, "నే చెప్పానా?" అనక ఆమె ఊరకుండుట ఆతడెరుగును, ఆ ఊరకుండుటను తట్టుకొను కవచము ఏ లోకమునందును లేదు.

అంత భుజమున తువ్వాలు, చేత బకెట్టు ధరించి, మెట్లు దిగి, కోటు తొడిగిన మేనేజరు లోవరాజును ఎదుర్కొని, మేఘగంభీర స్వరమున నిట్లు గర్జించెను:

"ఓయీ లోవరాజా! అతిథి చలికి వణకగా అగ్నిలేని ఈ భవనమేల? ఉష్ణోదకమివ్వని ఆ యంత్రమేల? నీ మెడలో ఆ టై ఏల?"

"అది హెరిటేజ్ గీజరండి," అనెను లోవరాజు వినయముగా. "ముట్టుకోవద్దన్నారండి మా ఓనరు గారు."

"వంటింట్లో పొగలు కక్కుతున్న ఆ బాయిలరు మాటేమిటి?"

"అది మీటింగు వాళ్ల కాఫీకండి."

అప్పాజీ చూపు క్యారమ్స్ బల్లపై పడెను. "ఇది కేసినో అవునా, కాదా? అయితే పందెం! నేను గెలిస్తే బకెట్టు వేడినీళ్లు."

లోవరాజు కన్నులు మెరసినవి. ఆ హోటలున ఆతనితో ఆడువారే లేక ఎన్ని దినములైనదో! "ఓడితే మాత్రం అయిదు నక్షత్రాల రివ్యూ రాయాలండి. గీజరు గురించి కూడా."

ఎంత దారుణమైన పణము! అయినను వీరుడు వెనుదీయలేదు. స్ట్రైకర్లు పిడుగులై దూకెను, కాయలు దిక్కులకు పారిపోయెను. తుదకు చెరియొక కాయ మిగిలిన సమయమున, శాలువా కప్పుకొని శ్రీదుర్గ దిగివచ్చెను.

"ఏంటండీ ఇది? నేను పైన వణుకుతుంటే మీరిక్కడ ఆడుకుంటున్నారా?"

"ఆట కాదు దుర్గా, యుద్ధం! నీ నీళ్ల కోసమే!"

ఆమె బల్లను చూచెను, దానిపై వంగిన భర్తను చూచెను. "కంగారు పడకండి, నెమ్మదిగా కొట్టండి," అనెను. ఆతడు గురిచూచెను, ఊపిరి బిగపట్టెను. ఆ క్షణముననే, చలి పైకొనగా, శ్రీదుర్గ తుమ్మెను. ఆ నాదమునకు అప్పాజీ వేలు ఎగిరిపడెను. స్ట్రైకరు బల్ల అంచులన్నియు తాకి, ఆతని తెల్లకాయను మూలకు తరిమి, గోతిలోనికి నెట్టెను!

"తుమ్మితే చెల్లదండి!" లోవరాజు ఆక్రోశించెను.

"వేడినీళ్లిచ్చుంటే తుమ్మేదాన్నా బాబూ?"

లోవరాజు వంటింటి బాయిలరు వద్దకు నడచెను. తానే స్వయముగా బకెట్టు నింపి తెచ్చెను.

పొగలుగక్కు ఆ బకెట్టును మోయుచు, లిఫ్టులేని ఆ మెట్లనెక్కుచు, మెట్టుమెట్టునకు తన పాదములనే అభిషేకించుకొనుచు అప్పాజీ గది చేరుసరికి నీరు సగమాయెను, వేడి పావువంతాయెను. తల వంచి నిలిచెను. శ్రీదుర్గ వేలు ముంచెను.

"గోరువెచ్చగా ఉన్నాయండి," అనెను. పిమ్మట నవ్వి, "చాలు," అని తలుపు వేసుకొనెను.

కొంతసేపటికి లోపలినుండి పిలుపు: "ఏవండీ! మీక్కూడా ఒక చెంబుడు మిగిల్చాను. చల్లారకముందే రండి."

ఆ చెంబెడు నీటిని నెత్తిన కుమ్మరించుకొని, కళ్లు మూసుకొని, "అబ్బా!" అనెను అప్పాజీ. విజయము! విజయము! కేసినో బంగ్లా చరిత్రలో ఇంతటి గెలుపు దొరలకైనను దక్కలేదని దిక్కులు వినుగాక!