నంబరు లేనివాళ్లని పాము కరవదు

ఆ పొద్దున ఆకాశం ముసురు పట్టి ఉంది. చినుకు పడీ పడనట్టు, నేల తడిసీ తడవనట్టు, కొండల నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఒకటే బూడిద రంగు. యూనివర్సిటీ కంట్రోల్ రూం గోడ మీది తెరలో మాత్రం సూర్యుడు ఇకిలిస్తూ "నిర్మలమైన ఆకాశం" అని ప్రకటిస్తున్నాడు. తెలివి తక్కువ మనుషులు కిటికీలోంచి చూసి, తెరని చూసి నవ్వుకుంటారు. తెర చెప్పిందే నిజం. తడవడం మన పొరపాటు. ఈ సంగతి ఒప్పుకోని వాళ్ల వల్లే దేశం ఎక్కడున్నది అక్కడే ఉంది!

నమ్మకం కుదరకపోతే బసవపున్నయ్య గారి కథ వినండి.

విజయవాడకి గంట దూరంలో, ఒకప్పుడు మామిడితోటలుండే చోట లేచిన ఓ ప్రైవేటు యూనివర్సిటీలో ఆయన పగటి షిఫ్టుకి పెద్ద. క్యాంపస్‌లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ఫోను ఆ గదిలోనే మోగుతుంది. ఫోనెత్తి, ఆపద ఎక్కడో కనుక్కుని, అంబులెన్సునో సెక్యూరిటీనో పంపడానికి సుస్మిత, యేసుబాబు ఉన్నారు. బసవపున్నయ్యది పామర్రు పక్క పల్లె. కాలువ గట్లు కాసే లస్కరుగా చేసినాయన కొడుకు. మాటలు తక్కువ. "ఊ" అంటే సరే అని. ఏమీ అనకపోతే మరీ సరే అని.

నిరుటి దాకా ఫోను వస్తే బండి వెళ్లేది. ఇంత మోటుగా పని జరుగుతుంటే చూస్తూ ఊరుకుంటారా? కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. షిఫ్టు వాళ్లు దానికి కొత్తల్లుడని పేరు పెట్టుకున్నారు. మర్యాదలన్నీ జరిగితేగానీ విస్తరి ముందు కూర్చోదు. మొదటి మర్యాద, ఆపదలో ఉన్న మనిషి పది అంకెల ఐడీ నంబరు. నంబరు కొట్టకపోతే టికెట్ పుట్టదు. టికెట్ పుట్టకపోతే అంబులెన్సు ముందున్న గేటు లేవదు.

ఎంత చక్కటి ఏర్పాటు! హాస్టల్ గదిలో బల్లి ఉందని ఓ కుర్రాడు ఫోన్ చేస్తే నాలుగు నిమిషాల్లో మనుషులు వెళ్లారు. సాంబారులో ములక్కాడ తగల్లేదని ఇంకో అమ్మాయి. ఆ బాధకీ టికెట్ పుట్టింది. క్యాంపస్ కుక్కలకి కూడా టీకాలు వేసి మెళ్లో నంబర్లు కట్టారు. కాబట్టి కుక్క కుంటినా బండి కదులుతుంది. సమానత్వమంటే ఇంకెలా ఉంటుందండీ?

నంబరు లేనిది తోటమాలులకి, ఊడ్చేవాళ్లకి, మెస్సులో గిన్నెలు తోమేవాళ్లకి. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు. వాళ్లకి ఆపదలు రావని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ముందే కనిపెట్టారు.

ఆ సంగతి తెలియని తోటమాలి నాగులు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు.

నంబరు గడి దగ్గర సుస్మిత ఆగిపోయింది. ఫోనెత్తేవాళ్ల సొంత నంబర్లు అక్కడ చెల్లవు. డ్యూటీలో ఉండగా వాళ్లకి ఆపద రాకూడదు కదా. "ఏం కొట్టమంటారండీ?" అంది. బసవపున్నయ్య ఫోనెత్తే మనిషి కాదు, షిఫ్టు పెద్ద. వంగి తన నంబరు కొట్టాడు. కాలువకి గండి పడితే మునిగేది ఎవరి చేనని వాకబు చేస్తూ కూర్చోరు, ముందు మట్టి వేస్తారు. తండ్రి దగ్గర నేర్చుకున్న చదువు అది.

గేటు లేచింది. నాగులు కాలు అతుక్కుంది. రికార్డులో మాత్రం చెట్టు మీంచి పడింది బసవపున్నయ్య.

అక్కణ్నుంచి అదే అలవాటైపోయింది. ఏడు నెలల్లో, రికార్డు ప్రకారం, ఆయన్ని రెండుసార్లు తేలు కుట్టింది. నాలుగుసార్లు వడదెబ్బ తగిలింది. మోటారు దగ్గర షాకు కొట్టింది. ఊడ్చే అమ్మాయికి నొప్పులొచ్చిన రోజున కాన్పు కూడా అయింది. ఎన్నో నెల అని కొత్తల్లుడు అడిగితే యేసుబాబు తొమ్మిదని కొట్టాడు. అది మారు మాట్లాడకుండా శుభాకాంక్షలు చెప్పింది. మనుషులైతే మీసాలు చూసి అనుమానించేవాళ్లు. యంత్రానికి అంత సంకుచిత బుద్ధి లేదు!

టికెట్ పుట్టినప్పుడల్లా ఇంటికి మెసేజ్ పోతుంది. మొదటిసారి ఆయన భార్య గంగాదేవి ఏడ్చుకుంటూ ఆటోలో వచ్చింది. రెండో తేలు కుట్టేసరికి "వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి" అంది. కాన్పు మెసేజ్ చూసి మాత్రం తనే ఫోన్ చేసింది.

"ఆడా, మగా?"

"ఆడపిల్ల."

"పోన్లెండి. మనకి ఇద్దరూ మగపిల్లలే" అని పెట్టేసింది.

ఇక ఆ ముసురు పొద్దున, సంక్షేమ విభాగం నుంచి హేమసుందర్ ఓ కవరు పట్టుకుని వచ్చాడు. మంచివాడు. మొహంలో నిజమైన దిగులే ఉంది.

"కూర్చోండి బసవపున్నయ్య గారూ. నిలబడకండి. ఆ కాలు..."

"బానే ఉందండీ."

"మీరలాగే అంటారు. మీ రిపోర్టు చూసి మా మేడం గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఏడు నెలల్లో పందొమ్మిది ఎమర్జెన్సీలు. పైగా బాలింత..." హేమసుందర్ నాలిక కరుచుకున్నాడు. "ఇంత నలిగిపోయిన మనిషి షిఫ్టు నడపకూడదన్నారు. ఇవాళ్టి నుంచి సెలవు. ఆ తర్వాత స్టోర్సులో కుర్చీ వేస్తారు."

"అక్కడ ఫోను ఉంటదాండీ?" అని అడిగింది సుస్మిత.

"ఏ ఫోనూ ఉండదమ్మా. హాయి."

బసవపున్నయ్య కవరు వైపు చూశాడు. నిజం చెబితే తప్పుడు నంబర్లు కొట్టినందుకు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈ కుర్చీ పోతుంది. ఎటు పోయినా రేపు ఇంకో నాగులు పడితే గడిలో కొట్టడానికి నంబరుండదు. ఆయనకి గుచ్చుకున్నది ఆ చివరిదే.

అంతలో ఫోను మోగింది. యేసుబాబు స్పీకరు పెట్టాడు.

"అయ్యా, మెస్సు ఎనక నుంచండీ. గిన్నెలు తోమేకాడ పోలేరమ్మని పాము కరిచింది. రక్తపింజరంట. తొరగా రండయ్యా."

యేసుబాబు చెయ్యి గడి మీద ఆగింది. హేమసుందర్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. బసవపున్నయ్య కవరు జరిపి, ఆయన కళ్లెదుటే తన నంబరు కొట్టాడు.

తెర ఎర్రబడింది. "ఈ వ్యక్తి వైద్య సెలవులో ఉన్నారు. దయచేసి విశ్రాంతి తీసుకోనివ్వండి."

"మీ నంబరెందుకండీ? ఆ పోలేరమ్మది కొట్టండి" అన్నాడు హేమసుందర్.

"ఆమెకి లేదండీ" అన్నాడు యేసుబాబు.

"ఎందుకు లేదు?"

"మీరే ఇవ్వలేదండీ."

హేమసుందర్ తెర వైపు చూశాడు. కవరు వైపు చూశాడు. పందొమ్మిది ఎమర్జెన్సీలు ఒక్కొక్కటే ఆయన మొహం మీదుగా నడిచి వెళ్లాయి, కాన్పుతో సహా.

"మీ మెళ్లో ఉంది కదండీ" అన్నాడు బసవపున్నయ్య.

హేమసుందర్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. గేటు లేచింది.

బండి పోలేరమ్మని ఎక్కించుకుని విజయవాడ దారి పట్టిందని కబురు వచ్చేలోగానే హేమసుందర్ ఫోను మోగింది. "ఏవండీ, పామా? ఎక్కడ కరిచింది?" అని ఆయన భార్య గొంతు గదంతా వినపడింది. నన్ను కాదని చెప్పబోయి, తెర వైపు చూసి ఆగాడు. "కాలి మీద. బానే ఉన్నాను" అన్నాడు.

"మొదట్లో అట్టాగే ఉంటదండీ" అన్నాడు బసవపున్నయ్య. "తర్వాత కొత్తిమీర తెమ్మంటారు."

సెలవు ఎలా ఎక్కిందో అలాగే దిగిపోయింది. కవరు ఎక్కడ పెట్టాడో హేమసుందర్‌కి గుర్తు లేదు. పనివాళ్లకి నంబర్లు ఇవ్వమని పైకి రాశాడు. ఇస్తే వాళ్లు మన మనుషులని ఒప్పుకున్నట్టవుతుందని జవాబొచ్చింది. ఎంత దూరదృష్టి! అందుకని ఇప్పుడు సొరుగులో ముప్ఫయ్యొక్క నంబర్ల జాబితా ఉంది, ఉద్యోగుల్ని అడిగి తీసుకున్నవే. మొన్న లైబ్రేరియన్ గారు నిచ్చెన మీంచి పడ్డారు. నిన్న లెక్కల ప్రొఫెసరు గారి చెయ్యి బాయిలరు దగ్గర కాలింది. ఇద్దరూ సాయంత్రం షటిల్ ఆడుకున్నారు.

పన్నెండో రోజున పోలేరమ్మ పనిలోకి వచ్చింది. మధ్యాహ్నం కాలు కొంచెం ఈడుస్తూ, క్యారేజీ పట్టుకుని కంట్రోల్ రూంకి వచ్చింది. బొమ్మిడాయిల పులుసు.

"నాకు నంబరిచ్చిన అయ్యెవరండీ?"

వాళ్లతో భోజనానికి కూర్చున్న హేమసుందర్ మొహమాటంగా చెయ్యెత్తాడు. ఆయన విస్తట్లో ఇంకో రెండు చేపలు పడ్డాయి.

ఆమెనీ కూర్చోబెట్టారు. అందరూ పులుసు కలుపుకున్నారు. ఫోను మోగలేదు. బయట ముసురు. తెర మీద నిర్మలమైన ఆకాశం. తలుపు దగ్గర కార్డులు చూసి మనుషుల్ని లెక్కపెట్టే ఆ తెర కింద అంచున "గదిలో ఉన్నవారు: నలుగురు" అని పచ్చగా వెలుగుతోంది.

విస్తళ్లు ఐదు.