యాభై రెండు నిమిషాల చపాతీ

పళ్ళు సరిగ్గా కలవని పిల్ల ఇంట్లో ఉండటం మహా అదృష్టం!

ఈ మాట నేను పూర్తి స్పృహతోనే అంటున్నాను. అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీ అనే ఊళ్ళో ఒక పళ్ళ డాక్టర్ గారి వెయిటింగ్ రూమ్‌లో, చేపల తొట్టె పక్కన కూర్చుని రాస్తున్నాను. మూడున్నరకి మా అపాయింట్‌మెంట్. ఆ తర్వాత మా అదృష్టాన్ని సరిచేసేస్తారు. నింపి సంతకం పెట్టమని ఇచ్చిన ఫారం నా ఒళ్ళో ఉంది. ప్రశ్నలన్నిటికీ జవాబులు టిక్కు పెట్టేశాను. సంతకం ఒక్కటే మిగిలింది. ఈలోగా, పాఠక మహాశయులారా, వంకర పళ్ళ తరఫున నా వాదన కాస్త వినండి.

మా అమ్మాయి నిధికి ఎనిమిదేళ్ళు. థర్డ్ గ్రేడ్. నోరు మూసినా దాని ముందుపళ్ళు, పైవీ కిందివీ, ఒకదాన్నొకటి ముట్టుకోవు. ఆ సందులోంచి ఒక నూడుల్ చిన్న గాయమైనా తగలకుండా బయటికి వచ్చేయగలదు. ఎడమవైపు దవడపళ్ళలో కిందివి పైవాటికంటే బయటికి వచ్చి కూర్చుంటాయి, హడావుడిలో వేరే డబ్బా మూత పెట్టేసిన స్టీలు డబ్బాలాగా. ఈ ఏర్పాటు వల్ల నిధి దేన్నీ ముందుపళ్ళతో కొరకలేదు. నమలడం కుడివైపు మాత్రమే, అదీ నెమ్మదిగా.

ఎనిమిదేళ్ళపాటు ఈ సంగతి నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? నేను తెలుగు తండ్రిని!

తెలుగు తండ్రి పిల్లకి అన్నం పెట్టి ఊరుకోడు, తినిపిస్తాడు. మెత్తగా ఉడికిన అన్నంలో పప్పు వేసి, నెయ్యి వేసి, బీరకాయ ముక్క కనిపిస్తే దాన్ని కూడా నామరూపాల్లేకుండా పిసికేసి, ముద్ద చేసి, ఐప్యాడ్ ముందు తెరిచి ఉన్న నోట్లో పెడతాడు. పిల్ల మింగుతుంది. మళ్ళీ ముద్ద. మా ఆవిడ ఉమ ఉన్నన్నాళ్ళూ తనే తినిపించేది. మూడేళ్ళ క్రితం తను పోయాక ఆ పని నాకు వచ్చింది. రాత్రి ఏడుంపావుకి మా ఆఫీసు కాలిఫోర్నియా టీమ్‌తో నాకు రోజూ కాల్. ఏడింటికి మొదలుపెడితే తొమ్మిది నిమిషాల్లో పళ్ళెం ఖాళీ. నా రికార్డు ఏడు నిమిషాలు. ఒలింపిక్స్‌లో ఈ పోటీ ఎందుకు పెట్టరో నాకిప్పటికీ అర్థం కాదు.

స్కూలు నుంచి లంచ్ బాక్సు మాత్రం సగం నిండుగా తిరిగి వచ్చేది. నేను చదువుకున్నవాణ్ణి కదా, శాస్త్రీయంగా పరిశోధించాను. చపాతీ కూర పెడితే ముప్పాతిక వంతు వెనక్కి వచ్చింది. పులిహోర సగం వచ్చింది. ఒక మంగళవారం పెరుగన్నం పెడితే బాక్సు కడిగినట్టు వచ్చింది! పిల్లకి పెరుగన్నం అంటే ప్రాణమని తేల్చాను. సెప్టెంబరు నెల నెలంతా పెరుగన్నమే పంపాను. బాక్సు రోజూ ఖాళీ. ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయడం ఒక్కటే తక్కువ.

ఆమధ్య మా ఫ్రెండ్ జితేందర్ వాళ్ళబ్బాయి ఈషాన్ బర్త్‌డేకి వెళ్ళాం. పిల్లలందరూ పిజ్జా తినేసి ట్రాంపొలిన్ ఎక్కేశారు. నిధి ఒక్కత్తే బల్ల దగ్గర కూర్చుని పిజ్జాని వేళ్ళతో పీకుతోంది. చీజ్ సాగుతోంది, అది లాగుతోంది. పెద్దవాళ్ళు చుట్టూ చేరి తీర్పులిచ్చారు. ఒకరు ఐరన్ తక్కువన్నారు. ఒకరు దిష్టన్నారు. జితేందర్ భార్య మనీషా, పిల్ల ఏది పెట్టినా వంకలు పెట్టే పిక్కీ ఈటర్ అయిపోయిందని, రెండు రోజులు ఏమీ పెట్టకుండా వదిలేస్తే అదే తింటుందని సలహా ఇచ్చింది. అంతమంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లం, ప్రపంచంలో ఎక్కడ బగ్ ఉన్నా పట్టుకునేవాళ్ళం, ఆ పిల్ల నోట్లోకి ఒక్కసారి తొంగి చూడలేదు.

చూసింది వాళ్ళ టీచరు. నిధి లంచ్‌లో ఆపిల్‌ని పక్కపళ్ళతో గీరుతోందని, ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపిస్తే మంచిదని నాలుగు లైన్ల ఈమెయిల్ పంపింది.

అలా రెండు వారాల క్రితం మొదటిసారి ఇక్కడికి వచ్చాం. డాక్టరమ్మ నిధి నోరు చూసింది, తర్వాత నన్ను ప్రశ్నలు అడిగింది. ఆపిల్ ఎలా తింటుంది? ఇంట్లో నేనే తురిమి పెడతానన్నాను. క్యారెట్? సాంబార్‌లో ఉడికిస్తాను. రొట్టె? పప్పులో నానబెడతాను. మరి అన్నం? నేను కుడిచెయ్యి పైకెత్తి, గాలిలో అన్నం కలిపి చూపించాను. ఆవిడ కాసేపు ఆ చేతివంకే చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ ఈ పిల్ల దవడపళ్ళు ఇవన్నమాట," అంది నా వేళ్ళు చూపిస్తూ.

నేను అన్నం కలపడం వల్ల పళ్ళు వంకరపోలేదని, అవి వంకరగా ఉన్న సంగతి బయటపడకుండా పోయిందని ఆవిడే నన్ను ఓదార్చింది. ఇరుకుగా ఉన్న పై దవడని వెడల్పు చేసే చిన్న పరికరం అమర్చాలట. దానికో బుల్లి తాళంచెవి ఉంటుందట, రోజూ నేనే తిప్పాలట. అప్పటిదాకా పిల్లకి పిసికి పెట్టొద్దు. చిన్న ముక్కలు చేసి ఇవ్వండి, తననే తిననివ్వండి, ఎంతసేపు పడుతుందో రాయండి అంది.

మహాశయులారా, అదృష్టం అక్కడే మొదలైంది!

మొదటి రోజు ఒక చపాతీ, చిక్కుడుకాయ కూర. యాభై రెండు నిమిషాలు పట్టింది. కాల్‌ని మర్నాడు పొద్దుటికి మార్చమని అడిగాను. ఆశ్చర్యం, కాలిఫోర్నియా సముద్రంలో మునిగిపోలేదు. నా చపాతీ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మిగతా నలభై ఎనిమిది నిమిషాలు ఏం చేస్తాం? పిల్ల టైము రాయమన్నారాయె, కదలడానికి లేదు. కూర్చున్నాను.

నమిలే పిల్ల ముద్దకీ ముద్దకీ మధ్య మాట్లాడుతుంది. ఈ రహస్యం మీకెవరికైనా తెలుసా? తొమ్మిది నిమిషాల భోజనంలో సందు లేదు, కాబట్టి మాటా లేదు. ఇప్పుడు నాకు వాళ్ళ క్లాసులో అఖిల్ తెల్లటి పదార్థాలు తప్ప ఏమీ తినడని తెలుసు. క్లాసు కుందేలుకి డ్రాయింగ్ మాస్టారంటే పడదని తెలుసు. నేను గరాజ్ తలుపు వేసే చప్పుడునిబట్టి, ఆఫీసులో నాకు చివాట్లు పడ్డాయో లేదో నిధి చెప్పేయగలదని కూడా తెలుసు.

ఆరో రోజు జంతికలు పెట్టాను. నిధి తల వంచి, జంతికని కుడివైపు పెట్టుకుని పటుక్కుమనిపించింది. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటున్నాను.

"అమ్మ కూడా ఇలాగే, నాన్నా. మేమిద్దరం సైడ్ టీమ్. అమ్మే పేరు పెట్టింది."

పదేళ్ళు ఉమ పక్కన కూర్చుని తిన్నాను. తను జంతికని అలా తల వంచి కొరుకుతుంటే అదో అందం అనుకున్నాను. మా ఇంట్లో ఒక టీమ్ నడిచిందని, అందులో నన్ను చేర్చుకోలేదని మొన్ననే తెలిసింది. చెప్పండి, తిన్నని పళ్ళున్న పిల్ల అయితే ఈ కబురు నాకు చేరేదా?

లాభాలు ఇంకా ఉన్నాయి. మా ఇంట్లో కిలో జంతికలు ఇప్పుడు నెలన్నర వచ్చేలా ఉన్నాయి. ఇక సమాజానికి కలిగే మేలు అంతా ఇంతా కాదు. తలా ఒక వంట చేసుకొచ్చే మన పాట్‌లక్‌లలో మగవాళ్ళం పేపరు ప్లేట్లు పట్టుకుని, టీవీ ముందు నిలబడి, బిర్యానీనీ గులాబ్‌జామ్‌నీ ఆరు నిమిషాల్లో ముగిస్తాం కదా? అందరివీ మేలైన దవడలే! వాటిని ఒక్క నెలపాటు కాస్త పక్కకి జరిపి చూడండి. వీసా గురించి మాట్లాడేశాక కూడా ఇంకా అరగంట మిగులుతుంది. పక్కవాడి పిల్లల పేర్లు అడగాల్సి వస్తుంది!

ఈ సిద్ధాంతమంతా మొన్న శనివారం జితేందర్‌కి వివరించాను. పరికరం సంగతి వచ్చే సంవత్సరం చూద్దామనుకుంటున్నానని కూడా చెప్పాను. జితేందర్ మంచివాడు, నా సిద్ధాంతాలు మామూలుగా వింటాడు.

"నీకు ముచ్చట్లు గావాల్నని పిల్లను ఆకలితోటి ఉంచుతవా, అన్నా?" అన్నాడు.

పెరుగన్నం నెల గుర్తొచ్చింది. బాక్సు ఎందుకు ఖాళీ అయ్యేదో నాకిప్పుడు తెలుసు. పెరుగన్నం నమలక్కర్లేదు. అంతకుముందు రోజుల్లో ఆ పిల్ల సగం కడుపుతో లెక్కలు చేసింది, సగం కడుపుతో బస్సెక్కి ఇంటికొచ్చింది. నేను ఆ బాక్సు కడుగుతూ, పులిహోరలో ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం నిధినే అడిగాను. పరికరం పెట్టించుకుంటావా, కొన్నాళ్ళు ఆగుదామా అని. తనకి సందేహమే లేదు. మొక్కజొన్న పొత్తు ఈషాన్‌లా కొరుక్కుని తినాలట. లంచ్ ఇరవై నిమిషాలేనట, అందరూ తినేసి ఆడుకోవడానికి రిసెస్‌కి వెళ్ళిపోతే తను ఒక్కత్తే మిగిలిపోతోందట.

సరేనన్నాను. నోరు ఊరుకోక, "పళ్ళు బాగైపోతే పది నిమిషాల్లో తినేసి లేచి వెళ్ళిపోతావేమో," అన్నాను. నవ్వుతూనే అన్నాను.

నిధి నోట్లో ఉన్నది నమలడం పూర్తి చేసింది. దానికి కొంతసేపు పట్టింది.

"నేను ఎక్కడికీ వెళ్ళను, నాన్నా. నేను ఎప్పుడూ ఇక్కడే కదా ఉన్నాను. వెళ్ళేది నువ్వు. కాల్‌కి."

చూశారా, వాదన ఎంత చక్కగా నడుస్తూ వచ్చి, ఎక్కడ తిరగబడిందో!

లోపలినుంచి నిధి పేరు పిలిచారు. చేపల తొట్టె దగ్గరనుంచి లేచి, ముందుపళ్ళ సందులోంచి ఏదో ఈల వేసుకుంటూ తను అప్పుడే తలుపుదాకా వెళ్ళిపోయింది. ఆ ఈల ఇంకెన్ని నెలలుంటుందో తెలియదు, అందుకని ఒక్క నిమిషం ఆగి విన్నాను.

ఫారంలో తొమ్మిదో ప్రశ్న: కుటుంబంలో ఇంకెవరికైనా కొరకడంలో గాని నమలడంలో గాని ఇబ్బంది ఉందా? ఇందాక లేదని టిక్కు పెట్టాను. ఇప్పుడది కొట్టేశాను. 'తల్లికి ఉండేది' అని రాశాను. దాని కింద ఇంకో గీత ఖాళీగా ఉంది.

'తండ్రికి కూడా. పళ్ళన్నీ తిన్నగానే ఉన్నాయి. నమలడం రెండు వారాల నుంచే నేర్చుకుంటున్నాడు' అని రాసి, సంతకం పెట్టాను.