మతిమరుపు చిప్పుకు జేజేలు

మనుషులంతా మైక్రోకంట్రోలర్‌ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి! నవ్వకండి. పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. పాదాలకు మాత్రం ఇంకా సబ్బు నురగ ఉంది.

మైక్రోకంట్రోలర్ అంటే మా కొత్త వాషింగ్ మెషిన్‌లో ఉన్న వేలిగోరంత చిప్పు. మెషిన్‌కి బుర్ర అదే. ఈ ఉదయం ఆ మెషిన్ కడుపులో మా ఆవిడ యూనిఫాం ఉంది. ఆవిడ ఈ మధ్యాహ్నమే హెడ్ నర్సుగా మొదటి డ్యూటీకి వెళ్లాలి. కొత్త హోదాకి ఇచ్చిన యూనిఫాం అదొక్కటే.

మెషిన్ ఉతికింది, జాడించింది, ఇక పిండబోతుందనగా కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. అంతే, చిప్పు రీసెట్ అయింది! కథ మళ్లీ మొదటికొచ్చింది. నీళ్లు పట్టింది, సబ్బు కలిపింది, గిరగిరా తిప్పింది. పిండే వేళకి కరెంటు మళ్లీ కన్ను కొట్టింది. మళ్లీ నీళ్లు! లోపల నీళ్లుంటే తలుపు తెరుచుకోదు.

"మరకలు పోయాయా, యూనిఫామే పోయిందా?" అని మా ఆవిడ అడిగింది.

బావమరిదికి ఫోన్ చేశాను. ఇలాంటి చిప్పులకు ప్రోగ్రాములు రాయడమే వాడి ఉద్యోగం.

"కరెంటు నిలకడ పడేదాకా అది ఊరికే ఉంటుంది బావా. తర్వాత ఎప్పుడూ ఒకే చోటుకి వెళ్లి మొదటి ఆజ్ఞ చదువుకుంటుంది. పనికి కాస్త చోటు సర్దుకుని, మెమరీని సున్నాలతో తుడిచేస్తుంది. అసలు ప్రోగ్రాం ఆ తర్వాతే."

"మరి ఇందాక ఉతికిందంతా?"

"ఎప్పుడు ఉతికింది? దాని లెక్కలో ఇప్పుడే పుట్టింది."

నాకు ఒళ్లు పులకరించింది! ఇది యంత్రమా, యోగియా? నేను దాని నెత్తిన మొట్టిన సంగతి కూడా మనసులో పెట్టుకోలేదు. ఫ్యాక్టరీలో రాసిన ప్రోగ్రాం మాత్రం చెక్కుచెదరదట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా.

ఈ గుణం మనకుంటే ఎంత హాయి! లైటు ఒకసారి ఆర్పి మళ్లీ వేస్తే చాలు, మా పెదనాన్నా బాబాయీ గోడ తగాదా మరిచి కౌగిలించుకుంటారు. పళ్ల డాక్టరు సగంలో రీసెట్ అయితే? పక్క పన్నుతో మళ్లీ మొదలుపెడతాడు. ఎంత శ్రద్ధ!

"ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునే చోటే లేదా దానికి?" అని అడిగాను.

"ఉంది బావా. ఎందుకు రీసెట్ అయిందో తెలుసుకునే వీలు కూడా ఉంది. చూసుకోమని ప్రోగ్రాంలో ఎవరూ రాయలేదు, అంతే."

"మీ ఇంట్లో ఏ మెషిన్?"

వాడు కాస్త నసిగాడు. "పాతది బావా. నాబ్ తిప్పేది. కొత్తది కొన్నప్పుడు మీరు మాకిచ్చేసిందే."

ప్లగ్గు పీకి, కింది గొట్టం విప్పాను. వంటింటి దాకా వరద! యూనిఫాం బకెట్లో వేసుకుని పక్క వీధిలో ఉన్న వాడింటికి పరిగెత్తాను. వెనకే మా ఆవిడ.

పాత మెషిన్ పిండుతుండగా కరెంటు పోయింది. ముగ్గురం నాబ్ మీదికి వంగాం. కరెంటు వచ్చింది. నాబ్ ఎక్కడుందో అక్కడే ఉంది. మొద్దు మెషిన్, పాపం! మెమరీ లేదు, పునర్జన్మ లేదు. ఆపిన చోటి నుంచే పిండుకుంటూ పోయింది.

ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, వేళకే డ్యూటీకి బయల్దేరుతూ మా ఆవిడ గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, ఆ పాత మెషిన్‌కి బుర్ర లేదని ఇచ్చేసిందెవరు?"

సరిగ్గా అప్పుడే నేను రీసెట్ అయ్యాను. నాకేమీ గుర్తులేదు.