దర్జీ కట్టిన బొచ్చు ఈగ

దర్జీ ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరింటికి లేవాలి, ఏడింటికల్లా ఒక ఈగ కట్టాలి, పది గంటల బస్సులో బావతో కలిసి ఏటికి వెళ్లాలి. రేపటి నుంచి మళ్లీ ఎండలు మొదలయ్యేదాకా ఏట్లో గాలం వేయకూడదని ఈ ఏడు సర్కారు కొత్తగా నిషేధం పెట్టింది. పై వారం బావ మోకాళ్లకు ఆపరేషన్. ఆ తర్వాత నీళ్లలో కాలు పెట్టొద్దని డాక్టరు ముందే చెప్పేశాడు. అంటే ఇద్దరూ కలిసి ఏట్లో నిలబడడానికి మిగిలింది ఈ ఒక్కరోజే.

ఈగ అంటే ముసిరే ఈగ కాదు. గాలం కొక్కేనికి కాస్త బొచ్చూ ఒక ఈకా పెట్టి దారంతో చుట్టి చేసే దొంగ ఈగ. అది నీటి మీద వాలితే చేప నిజమనుకుని నోరు తెరవాలి. అక్కను చేసుకున్న ఏడాదే బావ దర్జీకి ఈ పిచ్చి అంటించాడు. పాతికేళ్లు ఇద్దరూ ఏ కాలాన్నీ వదల్లేదు. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్లు, వానలు వెలిశాక తేరుకున్న నీళ్లు, ఆకులు రాలే రోజుల్లో ఎర్రటి నీళ్లు, చలికాలంలో పళ్లు టకటకలాడించే నీళ్లు అన్నీ చూశారు. వెంట ఎర్రోడనే కుక్క ఉండేది. అది నీళ్లలోంచి వచ్చి సరిగ్గా అన్నం మూట దగ్గరే ఒళ్లు దులుపుకునేది. దాని తోక బొచ్చుతో కట్టిన ఈగకు పడినన్ని చేపలు మరి దేనికీ పడలేదు.

నాలుగేళ్ల కిందట ఒక పెద్ద చేప గట్టు దాకా వచ్చి బావ పట్టిన వలలోంచి జారిపోయింది. "నీ చేతికి వల కంటే గరిటె నయం బావా" అన్నాడు దర్జీ. అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ చేప నీళ్లలో ఏం తిన్నదో కానీ ఇద్దరి నోళ్లలో మాత్రం ఏటేటా పెరిగింది. ఎర్రోడు కూడా ఆ ఏడే పోయాడు. చివరికి అక్క పది రోజులు కాళ్లరిగేలా తిరిగి రాజీ కుదిర్చింది. "వస్తాను. ఈసారి తేడా వస్తే మాత్రం మళ్లీ ఆ గడప తొక్కను" అన్నాడట బావ.

అందుకే దర్జీ ఆ పాత ఈగనే కట్టి బావ చేతిలో పెట్టాలనుకున్నాడు. కానీ ఎర్రోడి రంగు బొచ్చు ఎక్కడిది? దుకాణమంతా వెతుకుతుంటే కొక్కేనికి వేలాడుతూ ఒక కొత్త కోటు కనిపించింది. నిన్న అతను గుండీలు కొనడానికి వెళ్లినప్పుడు ఎవరో తగిలించి పోయినట్టున్నారు. దాని కాలరు నిండా బొచ్చు. అచ్చంగా ఎర్రోడి రంగు!

ఎవరిదో చూద్దామంటే చీటీ గుచ్చి లేదు. జేబులు మాత్రం వెతకలేదు. "గిరాకీ జేబులో చెయ్యి పెట్టినవాడు దర్జీ కాదు, దొంగ" అని పని నేర్పిన మేస్త్రి చెప్పిన మాటను ముప్పై ఏళ్లుగా తప్పలేదు. కాలరు గురించి మేస్త్రి ఏమీ చెప్పలేదు కనక ఎడమవైపు చిటికెడు కత్తిరించాడు.

ఎడమవైపు గుంట తెలిసింది. సరిచేద్దామని కుడివైపు కత్తిరించాడు. కుడివైపు ఎక్కువైంది. మళ్లీ ఎడమ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పావుగంటలో కాలరు బోడిగుండైంది. ఈగ మాత్రం అద్భుతంగా కుదిరింది.

అప్పుడే భార్య కాఫీతో వచ్చింది. "అయ్యయ్యో, ఆ కాలరుకేమైందండీ?"

"చిమ్మెట కొట్టింది" అన్నాడు దర్జీ, నోటికొచ్చిన మొదటి మాట.

బట్టలు కొరికే చిమ్మెట పురుగంటే ఆవిడకు ప్రాణం మీదికొచ్చినట్టే. రెండు నిమిషాల్లో దుకాణంలోని బట్టలన్నీ వీధిలో ఎండలోకి చేరాయి. ఎదురింటి టీచరమ్మ తన శాలువాను గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది. టీచరమ్మ మంగలికి చెప్పింది, మంగలి గడ్డం గీయించుకుంటున్నవాళ్లందరికీ చెప్పాడు. తొమ్మిదిన్నరకల్లా వీధి వీధంతా దుప్పట్లు దులుపుతోంది. ఎవరు కబురంపారో, వీపున మందు డబ్బాతో ఆరోగ్య ఇన్‌స్పెక్టరు దిగాడు.

"పురుగును చూసిందెవరు?"

అందరూ చూశారు. టీచరమ్మ చూసింది బొటనవేలంత ఉందట. మంగలి చూసింది పిచ్చుకంత. చూడనివాడు దర్జీ ఒక్కడే.

"నువ్వు కదలొద్దు. పురుగుల లెక్క తేలేదాకా, ఎవరు పిలిచినా దర్జీ ఇవాళ ఎక్కడికీ రాడు!" అని ఇన్‌స్పెక్టరు గట్టిగా ప్రకటించాడు.

సరిగ్గా ఆ మాట చెవిన పడేలా బావ వీధి మలుపు తిరిగాడు. తలకు పాత టోపీ, భుజాన గాలం కర్ర, నొప్పి కాలు ఈడుస్తూ నడక. గుంపును చూశాడు, బావమరిదిని చూశాడు.

"రానివాడు నిన్నే కబురంపితే పోయేదిగా. ఇంత దూరం ఈ కాళ్లతో నడిచేవాణ్ణి కాదు" అని వెనక్కి తిరిగాడు.

పరువా బావా అని ఆలోచించడానికి కూడా దర్జీకి వ్యవధి లేదు. "బావా, ఆగు! చిమ్మెటా లేదు, గిమ్మెటా లేదు! ఆ కాలరు నేనే కత్తిరించా. నీకు ఎర్రోడి ఈగ కట్టిద్దామని!"

వీధంతా దుప్పట్లు దులపడం ఆపి విన్నది. తర్వాత ఎవరూ నమ్మలేదు.

"ఏ దర్జీ అయినా గిరాకీ కోటు కత్తిరిస్తాడా?" అన్నాడు మంగలి.

"బస్సు టైమైందిగా, తప్పించుకోడానికి కథలు చెప్తున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావ మాత్రం ఆగాడు. గుంపును తోసుకుని వచ్చి దర్జీ అరచేతిలోని ఈగను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కోటును చూసి తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇది నా కోటురా! అల్లుడు కొనిచ్చాడు. నిన్న సాయంత్రం మీ అక్కే వచ్చి ఇక్కడ తగిలించింది."

బావ ఆ కోటు జేబులో చెయ్యి పెట్టి, తాను రాసిపెట్టిన చీటీ తీసి, అందరికీ వినబడేలా చదివాడు. "కాలరు మెడకు గుచ్చుకుంటోంది, తీసేయాలి. బొచ్చు పారేయొద్దు. మన ఎర్రోడి రంగు. ఈగకు పనికొస్తుంది."

"జేబు చూసుకోవచ్చుగా!" అంది భార్య.

"గిరాకీ జేబులో చెయ్యి పెట్టకూడదే!"

"కాలరుకు కత్తెర పెట్టొచ్చా?"

ముందు నవ్వింది బావే. నాలుగేళ్లుగా దాచిపెట్టిందంతా ఒక్కసారే నవ్వినట్టు, గాలం కర్రకు ఆనుకుని మరీ నవ్వాడు. ఇన్‌స్పెక్టరుకు మాత్రం నవ్వు రాలేదు. కలిపిన మందు వెనక్కి తీసుకెళ్లే పద్ధతి తమ ఆఫీసులో లేదన్నాడు. దుకాణం నిండా కొట్టి, సాయంత్రం దాకా ఎవరూ లోపలికి పోకూడదని తాళం వేయించాడు. ఇక దర్జీని ఏటికి వెళ్లొద్దనడానికి ఎవరికీ కారణం మిగల్లేదు.

పది గంటల బస్సు చివరి నిమిషంలో అందింది. ఏట్లో నీళ్లు చల్లగా ఉన్నాయి. బావ ఒక చేత్తో గాలం, ఇంకో చేత్తో బావమరిది భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు చేప జారింది నావల్లేరా."

"కాదు బావా, నేనే తాడు వదులు చేశాను."

ఆ తప్పు నాదంటే నాదని ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. పొద్దు వాలేదాకా ఒక్క చేపా పడలేదు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఆ వీధిలో చిమ్మెట ఒక్కటి కూడా లేదని పైవాళ్లకు నివేదిక పంపాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.