ఏ రంగు తెస్తారో ఆవిడకి ముందే తెలుసు

బస్సు డ్రైవరు టైంటేబులు గారికి పద్దెనిమిదేళ్ళుగా ఒకటే రూటు. ఆ పేరు డిపోలో పెట్టింది. కన్నవాళ్ళు పెట్టింది ఇప్పుడు ఆయనకే చప్పున గుర్తుకు రాదు. ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో పైవాళ్ళు ముందే రాసిపెట్టారు. ఇంట్లోనైనా ఒక్క పని తన ఇష్టప్రకారం చెయ్యాలని ఆయన కోరిక.

అందుకే ఆ సెలవు రోజు, ముందుగదికి ఏ రంగో తనే తేలుస్తానన్నాడు.

"తేల్చండి. మీరేం చేస్తారో నాకు తెలిసిందే," అంది భార్య, కుట్టుమిషను ఆపకుండా.

"నాకే తెలీనిది నీకెలా తెలుసే?"

"మీతో కాపురం చేస్తున్నది నేనే కదండీ!"

ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. పందెం వేశాడు. ఆయనేం చేస్తాడో ఆవిడ ముందే చీటీ రాసిపెట్టాలి. తప్పయితే గోడలకి రంగు వేసేది ఆవిడా, ఆవిడ తమ్ముడూ. ఒప్పయితే ఆయనే. ఆవిడ నాలుగు ముక్కలు రాసి దారపుండల డబ్బాలో పడేసింది.

రంగుల కొట్లో ఆయన చెయ్యి నీలం డబ్బా మీదకి వెళ్ళి ఆగింది. నీలమంటే తనకిష్టమని ఆవిడకి తెలుసు. ఆకుపచ్చ తీశాడు. నీలం మానేస్తాడని కూడా తెలుసు కదా! మళ్ళీ నీలం. రెండింటి మధ్యా ఎన్ని ట్రిప్పులు కొట్టాడో లెక్కలేదు.

"బాబాయిగారూ, నేను భోజనానికి వెళ్ళాలి," అన్నాడు కొట్టతను, దణ్ణం పెట్టినంత పని చేసి.

అప్పుడు తట్టింది ఉపాయం. తనకే తెలియకుండా తీస్తే ఆవిడకేం తెలుస్తుంది? కళ్ళు గట్టిగా మూసుకుని, మూడు చుట్లు తిరిగి, చెయ్యి చాపాడు. ముందు కొట్టతని బొజ్జ దొరికింది. రెండోసారి గుమ్మడిపండు రంగు దొరికింది.

ఇంటికొచ్చి మీసం దువ్వుకుంటూ చీటీ విప్పాడు. 'కళ్ళు మూసుకుని ఏదో ఒకటి తెస్తారు.'

కుర్చీలో కూలబడ్డాడు. నిజంగానే బాధేసింది. "అయితే నాకంటూ సొంత ఇష్టమే లేదన్నమాట. ఇంట్లో కూడా రూటు బస్సునే."

ఆవిడ మిషను ఆపింది. "అదేం మాటండీ? మీ చెయ్యి పట్టుకుని ఎవరైనా లాగారా? మీకు తోచిందే మీరు చేశారు. మీకేం తోస్తుందో నాకు తెలుసు, అంతే. తెలిసినంత మాత్రాన చేసింది నేనవుతానా?"

ఆ మాటకి ఆయన ప్రాణం కుదుటపడింది.

"పందెం కూడా వదిలేస్తున్నా. వేస్తారో, మానేస్తారో మీ ఇష్టం."

చాలాసేపు ఆలోచించాడు. ఆఖరికి, ఎవరి బలవంతమూ లేకుండా, అచ్చంగా తన ఇష్టంతోనే, డబ్బా పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు.

గోడకి నిచ్చెన వేసి ఉంది. కింద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. నిచ్చెన మెట్టు మీద ఆయన చిరుగుల చొక్కా వేలాడుతోంది.

"ఇవన్నీ ఎప్పుడు పెట్టావే?"

"మీరు కొట్టుకి బయల్దేరగానేనండీ."